టిక్కీ అడుగు కాయ

పెళ్లిళ్లలో ఎదురయ్యే దూరపు బంధువులకు నా ఉద్యోగం ఏమిటో చెప్పడం పెద్ద ప్రహసనం. "మిరపకాయలు పరీక్ష చేస్తాను" అంటే "కొరికి చూస్తావా?" అని నవ్వుతారు. "ల్యాబ్‌లో పని" అంటే రక్తపరీక్షలనుకుని తమ షుగరు సంగతి ఎత్తుకుంటారు. ఎలా మొదలుపెట్టినా చివరికి అందరూ వచ్చి ఆగేది ఒకే మాట దగ్గర: "పోనీలే అమ్మా, డాక్టరు సీటు రాకపోయినా ఏదో ఒకటి దొరికింది కదా." ఈ "పోనీలే" మీద నాకు చాలా ఏళ్లుగా కోపం. పెళ్లివారి పంక్తిలో కూర్చుని కోపం చూపించలేం కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది పాత గుంటూరు. నాన్న మిర్చి యార్డులో హమాలీ. ఒళ్లు సహకరించినన్నాళ్లూ టిక్కీలు మోశాడు. ఈ ప్రాంతం కానివారి కోసం చెబుతున్నాను: టిక్కీ అంటే ఎండు మిరపకాయలు తొక్కి కుట్టిన గోతం. నలభై కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. సంక్రాంతి దాటిందంటే ఏప్రిల్ దాకా సీజను. ఆ రోజుల్లో యార్డుకు ఒక్క రోజే లక్ష టిక్కీలకు పైగా వచ్చిన సందర్భాలున్నాయి. కొత్తవాళ్లు గేటు దాటగానే తుమ్ములు మొదలుపెడతారు. మాకు ఆ ఘాటు నాన్న చొక్కాతో పాటు రోజూ ఇంటికి వచ్చేది. ఆ చొక్కాను అమ్మ మా బట్టలతో కలిపి ఎప్పుడూ ఉతికేది కాదు.

అమ్మ సీజన్‌లో తొడిమలు తీసే పనికి వెళ్లేది. కిలోకు ఇంత అని కూలి. ఇంటికి వచ్చాక ముందు చేతులకు కొబ్బరినూనె రాసుకుని, కాసేపు ఆగి, తరువాత సబ్బుతో కడుక్కునేది. అయినా మంట పోయేది కాదు. సీజన్ పొడుగునా రాత్రిపూట చెంచాతోనే అన్నం తినేది. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది అని చాలా ఏళ్ల తరువాత కాలేజీలో చదివాను. ఆ ముక్క ఉత్సాహంగా అమ్మకు చెబితే, "అంత చదువు దేనికే, నన్నడిగితే చెప్పేదాన్ని కదా" అంది.

నేను డాక్టరు కావాలని ఇంట్లో ఎవరు మొదట అన్నారో గుర్తు లేదు. గుంటూరులో అది ఎవరూ ప్రత్యేకంగా అనక్కర్లేదు. బ్రాడీపేటలో ఏ లైనులోకి తిరిగినా ఆసుపత్రి బోర్డులే. 1946లో పెట్టిన మెడికల్ కాలేజీ ఊళ్లోనే ఉంది. లెక్కలు బాగా వస్తే ఇంజనీరు, సైన్సు బాగా వస్తే డాక్టరు. పదో తరగతిలో మార్కులు బాగా రావడంతో ఒక రెసిడెన్షియల్ కాలేజీ వాళ్లు ఫీజు తగ్గించి బైపీసీలో చేర్చుకున్నారు. ఇంటర్ అయ్యాక ఎంసెట్ ర్యాంకు చాలలేదు. లాంగ్‌టర్మ్‌కు అంటే మళ్లీ ఏడాది పాటు కోచింగుకు, విజయవాడ శివార్లలోని ఒక హాస్టల్‌కు వెళ్లాను. అది 2011.

ఆ హాస్టల్ గురించి ఎక్కువ చెప్పను. ఇలాంటి చోట చదివినవాళ్లకు తెలుసు, చదవనివాళ్లు నమ్మరు. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. వారం వారం పరీక్ష పెట్టి, వచ్చిన మార్కులను బట్టి సెక్షన్లు మార్చేవారు. ఆదివారం సాయంత్రం నోటీసు బోర్డు చూసి, పరుపూ ట్రంకుపెట్టే మోసుకుంటూ ఒక గదిలోంచి మరో గదిలోకి మారేవాళ్లం. యార్డులో కాయను డీలక్స్, మీడియం, తాలు అని కుప్పలు పోయడం చిన్నప్పటి నుంచీ చూసినదాన్ని కాబట్టి నాకు అది వింతగా అనిపించలేదు. తాలు అంటే రంగు పోయి తెల్లబారిన కాయ. కాకపోతే యార్డులో తాలుకు కూడా ఒక ధర ఉంటుంది. కొనేవాడూ ఉంటాడు.

ఆ ఏడాది కూడా వచ్చిన ర్యాంకుకు ప్రభుత్వ కాలేజీలో సీటు రాదు. ప్రైవేటు కాలేజీ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కోచింగు వాళ్లు మాత్రం నాన్నకు ఫోను చేసి, "అమ్మాయికి పట్టుదల ఉంది, ఇంకొక్క ఏడాది కూర్చోబెట్టండి" అన్నారు. ఇంకొక్క ఏడాది అనడానికి ఫీజు తీసుకునేవాడికి ఎప్పుడూ కారణం ఉంటుంది. నాన్న దాదాపు ఒప్పుకున్నాడు. ముఠా మేస్త్రీ దగ్గర అప్పు కూడా అడిగాడు. అంతలో ఒక మధ్యాహ్నం లారీ మీదికి టిక్కీ ఎత్తుతుంటే నడుము పట్టేసి అక్కడే కూలబడ్డాడు. పెద్దాసుపత్రిలో చూపిస్తే కొన్నాళ్లు బరువు ముట్టవద్దన్నారు. తేబోయిన అప్పు మందులకూ బియ్యానికీ సరిపోయింది. నేను ఊళ్లోనే ఒక కాలేజీలో బీఎస్సీలో చేరాను.

ఇది త్యాగం అని చుట్టాలు అంటుంటారు. ఉన్నమాట చెప్పాలంటే, ఆ హాస్టల్ గేటు మళ్లీ చూడక్కర్లేదని తెలిసిన రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది. ఆ నిద్ర గురించి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

బీఎస్సీలో నాకు దొరికిన మొదటి మంచి వస్తువు బ్యూరెట్, కింద చిన్న కుళాయి ఉండే సన్నటి గాజుగొట్టం. టైట్రేషన్, అంటే ఒక ద్రావణాన్ని మరోదాంట్లోకి చుక్కచుక్కగా వదిలి కొలవడం, చేసినవాళ్లకు తెలుస్తుంది. పైనుంచి పర్మాంగనేట్ ఊదారంగులో చుక్కచుక్కగా పడుతుంటుంది, కింద ఫ్లాస్కులో పడగానే రంగు మాయమవుతుంటుంది. ఒక దశలో చుక్క పడ్డచోట రంగు కాస్త తటపటాయిస్తుంది. అక్కడి నుంచి వేళ్లతో కాక ఊపిరితో పని చేస్తున్నట్టు ఉంటుంది. ఇంకొక్క చుక్క పడగానే ఫ్లాస్కు అంతా లేత గులాబీ అయి అలాగే నిలిచిపోతుంది. మా బ్యాచ్‌లో చాలామంది ఒకసారి చేసి, మిగిలిన రీడింగులు దానికి దగ్గరగా ఊహించి రాసుకునేవారు. నాకు మాత్రం రెండు రీడింగులు కలవకపోతే ఇంటికి వెళ్లబుద్ధి అయ్యేది కాదు. అటెండరు తాళాల గుత్తి ఆడిస్తూ వచ్చి, "ఏమ్మా, ఆ గులాబీ రంగు రేపు కూడా వస్తుందిలే, ఇక బయలుదేరు" అనేవాడు.

హాస్టల్‌లో నన్ను ఎవరూ ఏదీ రెండోసారి చేయనివ్వలేదు. అక్కడ అంతా వేగమే. నిమిషానికి ఇన్ని బిట్లు. నేను నిదానస్తురాలినని నాకు అక్కడే తెలిసింది, అదొక జబ్బన్నట్టుగా. అదే నిదానానికి ఇక్కడ మార్కులు వేస్తున్నారు.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ నాగార్జున యూనివర్సిటీలో చేశాను. విజయవాడ బస్సెక్కి హైవే మీద యూనివర్సిటీ గేటు దగ్గర దిగడం, సాయంత్రం అదే రోడ్డు మీద గుంటూరు బస్సు కోసం ఎండలో నిలబడటం, వచ్చాక పదో తరగతి పిల్లలకు ట్యూషన్లు. ఆ రెండేళ్లలో ఇంతకు మించి చెప్పుకోదగ్గది లేదు.

2017లో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. సుగంధ ద్రవ్యాల పరీక్షలు. మొదటిరోజు బల్లమీద పెట్టినది ఏమిటో చూసి నవ్వు ఆగలేదు. పొట్లంలో మిరపకాయలు. ఏ ఘాటు నుంచి నన్ను తప్పించాలని నాన్న అప్పులు చేశాడో అదే ఘాటు జీతంతో సహా ఎదురొచ్చింది.

మిరపకాయ నాణ్యత అంటే యార్డులో కన్నూ ముక్కూ చెబుతాయి. ల్యాబ్‌లో రంగుకొక పరీక్ష, ఘాటుకొక పరీక్ష. రంగుకు అమెరికా సుగంధ ద్రవ్యాల వ్యాపారుల సంఘం పేరు మీద ఆస్టా విలువ అంటారు. కారప్పొడిని గ్రాములో పదో వంతు కంటే తక్కువ తూచి, ఎసిటోన్‌లో వేసి, పదహారు గంటలు చీకట్లో ఉంచాలి. సాయంత్రం పెట్టి వెళితే మర్నాడు ఉదయానికి ద్రావణం నారింజ రంగులోకి తిరిగి ఉంటుంది. 460 నానోమీటర్ల కాంతిని అది ఎంత పీల్చుకుంటుందో చూసి లెక్క కడతాం. ఘాటుకు మనవైపు తేజ, రంగుకు కర్ణాటక బ్యాడిగి అని వ్యాపారులు అనేది ఈ యంత్రం కూడా ఒప్పుకుంటుంది.

ఘాటు కథ ఇంకా బాగుంటుంది. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్ ఫార్మసిస్టు మిరప సారాన్ని పంచదార నీళ్లలో కలిపి, రుచి చూసేవాళ్లకు మంట తెలియకుండా పోయేదాకా పలచన చేస్తూ పోయాడు. ఎన్ని రెట్లు పలచన చేస్తే మంట పోయిందో అదే ఆ కాయ ఘాటు. ఇప్పుడు నాలుకలతో పని లేదు. కారప్పొడిని ఆల్కహాల్‌లో గంటల తరబడి మరిగించి, వడకట్టి, హెచ్‌పీఎల్‌సీ యంత్రంలోకి పంపుతాం. ద్రావణం సన్నటి కాలమ్ గుండా ఒత్తిడితో వెళుతూ విడిపోతుంది. కంప్యూటర్ తెర మీద గీత కాసేపు నేలబారుగా సాగి, హఠాత్తుగా లేచి క్యాప్సైసిన్ దగ్గర ఒక శిఖరం కట్టి దిగుతుంది. దాని వెనుక డైహైడ్రోక్యాప్సైసిన్ మరొకటి. రెండిటి మధ్య గీత పూర్తిగా కిందికి దిగితేనే పని శుభ్రంగా జరిగినట్టు. అమ్మ చేతుల మంట ఆ తెర మీద రెండు గీతలుగా కనిపించడం నాకు మామూలు విషయం కాలేదు, ఇప్పటికీ.

ఇక అసలు దెబ్బ సంగతి. మిరపకు పెద్ద గండం అఫ్లాటాక్సిన్. కాయలో తడి ఉండిపోతే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పడుతుంది. అది విడిచే విషం ఇది, కాలేయానికి చేటు. యూరప్ దేశాలు మిరపలో బీ1 రకానికి కిలోకు 5 మైక్రోగ్రాములు మించితే సరుకు రానివ్వవు. అంటే టన్ను సరుకులో 5 మిల్లీగ్రాములు. పాతిక టిక్కీల కాయలో చిటికెడు ఉప్పులో పదో వంతు కూడా ఉండదు ఆ విషం. 2005లో బ్రిటన్‌లో కారప్పొడిలో, ఆహారంలో వాడకూడని సుడాన్ అనే రంగు బయటపడి వందల రకాల ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. అలాంటి గొడవల తరువాత కొనేవాళ్లు కాగితం మీద సంఖ్య చూడనిదే కాయను ముట్టుకోవడం లేదు.

2019లో మేము బాగుందని నివేదిక ఇచ్చిన ఒక సరుకు విదేశీ రేవులో పరీక్షకు నిలవలేదు. ఆ నివేదిక మీద సంతకం నాది. ఎగుమతిదారు వచ్చి కేకలు వేశాడు. యజమాని నా నోటుపుస్తకాలన్నీ తిరగేశాడు. తూకాలు, రీడింగులు, యంత్రం లెక్కలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా ఎవరో ఒకరు పోవాలి కాబట్టి నన్ను పొమ్మన్నారు. ఈ వ్యాపారంలో కబురు కాయ కంటే వేగంగా తిరుగుతుంది. ఊళ్లో ఇంకే ల్యాబ్‌కు వెళ్లినా "ఆ అమ్మాయేనా?" అన్న చూపే. మళ్లీ ట్యూషన్లు. మళ్లీ చుట్టాలు. బ్యాంకు పరీక్షలు రాయమని ఒకరు, సంబంధం చూశామని ఒకరు. "పోనీలే" అనేవాళ్లకు అదొక పండుగ.

నాకు అవమానం కంటే లెక్క తేలకపోవడం ఎక్కువ బాధ. నా పరీక్ష సరైనదైతే అక్కడి పరీక్ష తప్పు కావాలి. అక్కడ చేసినవాళ్లూ నాలాంటి నిదానస్తులే అయి ఉంటారు. ఒకరోజు నాన్న నడుముకు కాపడం పెడుతూ ఇదే గొణుక్కుంటుంటే, ఆయన బోర్లా పడుకునే అడిగాడు.

"ఇంతకీ ఆ కాయ ఎక్కడి నుంచి తీశారమ్మా?"

"వాళ్లే పొట్లం కట్టి పంపారు నాన్నా. టిక్కీ కుట్టు విప్పి పైనుంచి తీసి ఉంటారు."

"పైకాయ ఎప్పుడూ బాగానే ఉంటుంది. అడుగుకాయ చూడాలి."

తరువాత ఆయన చెప్పుకుంటూ పోయాడు. కాయ బాగా ఎండితే తొక్కేటప్పుడు విరిగి గింజ రాలుతుంది. విరగకుండా, పనిలో పనిగా తూకానికీ, కొందరు గోతాల్లో తొక్కేముందు నీళ్లు చల్లుతారు. ఆ తడి మధ్యకూ అడుగుకూ చేరి అక్కడే మగ్గుతుంది. పైన కాయ గలగలమంటూనే ఉంటుంది. "టిక్కీ భుజాన పడగానే తెలిసిపోతుంది. పొడికాయ భుజం మీద నిలవదు, జరుగుతూ ఉంటుంది. తడికాయ పెట్టినచోట పెట్టినట్టు కూర్చుంటుంది. మెడకు చల్లగా తగులుతుంది." ఇన్నేళ్లలో ఇది ఎవరికైనా చెప్పావా అని అడిగాను. "మమ్మల్ని అడిగేదెవరు?" అన్నాడు.

ఆ రాత్రి నుంచి నమూనా తీయడం గురించి దొరికిందల్లా చదివాను. అఫ్లాటాక్సిన్ సరుకంతా సమానంగా పరుచుకుని ఉండదు. వంద కాయలు శుభ్రంగా ఉండి, నూట ఒకటో కాయలో సరుకు మొత్తానికి సరిపడా విషం ఉండవచ్చు. అందుకే పెద్ద లాటులో వంద చోట్ల దాకా కొద్దికొద్దిగా తీసి, కలిపి, మెత్తగా పొడి చేసి, అందులోంచి పరీక్షకు తీసుకోవాలంటారు. పొరపాటుకు ఎక్కువ ఆస్కారం యంత్రం దగ్గర కంటే గోతం దగ్గరే. నా నివేదిక ఆ పొట్లానికి నిజం. ఆ పొట్లం సరుకుకు నిజమో కాదో చెప్పే దారి ఎవరి దగ్గరా లేదు. యంత్రాల ముందు కూర్చునే మాలాంటివాళ్లం గోదాముకు వెళ్లం. గోదాములో ఉండేవాళ్లకు ల్యాబ్ గుమ్మం తెలియదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. యార్డు మూతపడింది. ల్యాబ్‌లు అరకొరగా నడిచాయి. మళ్లీ కాస్త తెరుచుకున్నాక మరో ల్యాబ్‌కు వెళ్లి, యంత్రం మీద పని ఇవ్వకపోయినా ఫర్వాలేదు, నమూనాలు తీసే పని ఇవ్వమని అడిగాను. వాళ్లు వింతగా చూశారు. ఎమ్మెస్సీ చదివినవాళ్లు అడిగే పని కాదది. జీతం మునుపటికంటే తక్కువ. కోల్డ్ స్టోరేజీల చుట్టూ తిరగాలి. ఏసీ గదిలోంచి మండుటెండలోకి, ఎండలోంచి మళ్లీ ఏసీలోకి. మొదటి రోజుల్లో అడుగు వరుస టిక్కీలు దించమంటే గుమస్తాలు విసుక్కున్నారు. దించితే హమాలీలకు కూలి ఇవ్వాలి మరి. పని ఆగిపోయిందనుకుంటుండగా ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, నాన్న పేరు చెప్పి, "ఆయన కూతురివా?" అన్నాడు. తరువాత వాళ్లే దించారు. ఇప్పుడు కొన్ని చోట్ల నేను అడగకముందే "అమ్మా, ఈ టిక్కీ చల్లగా ఉంది, చూసుకో" అంటారు. తేమ కొలిచే యంత్రం నా సంచిలోనే ఉంటుంది. అది పదకొండు శాతం దాటి చూపించే టిక్కీలు చాలావరకు వాళ్లు ముందే చెప్పినవే.

2021 చివర్లో నల్ల తామరపురుగు మిరప తోటల మీద పడింది. పూత రాలిపోయి, తోటలు దున్నేసుకున్న రైతులున్నారు. మిగిలినవాళ్లు దొరికిన మందల్లా కొట్టారు. దాంతో పురుగుమందుల అవశేషాల పరీక్షలు మీద పడ్డాయి. మనుషులు చాలక నన్ను మళ్లీ యంత్రం ముందుకు పిలిచారు. వెళ్లాను, గోదాములు వదలనన్న షరతు మీద. అప్పటి నుంచీ రెండూ చేస్తున్నాను. వారంలో సగం చెప్పుల నిండా కారం, సగం తెల్లకోటు.

ఇదంతా చదివి ఎవరైనా "చూశారా, కష్టపడితే ఫలితం" అంటే మాత్రం నాకు మళ్లీ కోపం వస్తుంది. లాంగ్‌టర్మ్‌లో నేను తక్కువ కష్టపడలేదు. అది నాది కాని పనిలో పడ్డ కష్టం. ఇది చేసేకొద్దీ ఇంకా చేయాలనిపించే కష్టం. రెండిటికీ కలిపి ఒకే మెచ్చుకోలు ఇచ్చేవాళ్లు రెండిట్లో ఏదీ పడినవాళ్లు కాదని నా అనుమానం.

ఈ సంగతి ఇప్పుడెందుకు కెలికానంటే, మా అక్క కూతురు ఈసారి నీట్ రాసింది. సీటు వచ్చే మార్కులు కావు. లాంగ్‌టర్మ్‌కు వెళతానంటోంది. నేను వద్దన్నాను. అక్కకు మండింది. "నీకు రాలేదని దానికీ వద్దంటావా?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అందుకే పిల్లనే కూర్చోబెట్టి, ఆ చదువులో నీకు నచ్చిందేమిటని అడిగాను. డాక్టరు కోటు, కారు, పేరు అంటుందేమోనని ఎదురుచూశాను. అది మాత్రం కిడ్నీ ఎలా పని చేస్తుందో బొమ్మ గీసి మరీ అరగంట చెప్పింది. మధ్యలో నేను ఒక ప్రశ్న వేస్తే చిరాకుపడింది కూడా. ఆ వయసులో నేను బిట్లు బట్టీ పట్టానే తప్ప ఏ కిడ్నీ కోసమూ ఎవరి మీదా చిరాకుపడలేదు.

సగం ఫీజు నేను కడతానని అక్కకు చెప్పాను. రెండు షరతులు. ఒక్క ఏడాదే. దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నాతో కోల్డ్ స్టోరేజీకి వచ్చి నమూనాలు తీయాలి. మొదటిదానికి వెంటనే తల ఊపింది. రెండోదానికి కాసేపు ఆలోచించి, "రోజుకు ఎంత ఇస్తారు పిన్నీ?" అంది. మా యజమానిని అడిగి చెబుతానన్నాను.